ఇంట్లో కూర్చుని న్యూట్రిషన్ కోచ్ ఉద్యోగం: చెప్పేది తక్కువ, చదివేది ఎక్కువ

నేనేం పని చేస్తానో చెప్పగానే అవతలివాళ్ల నోట్లోంచి వచ్చే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే, "అయితే నాకో డైట్ చార్ట్ పంపవా?" పంపను. బిగదీసుకుని కాదు, అసలు చార్టులు రాసిచ్చే పనే ఈ ఉద్యోగంలో లేదు. బరువు తగ్గించే ఒక కంపెనీకి ఇంటి నుంచి న్యూట్రిషన్ కోచ్‌గా చేస్తున్నా, అంటే వాళ్ల యాప్‌లో చేరినవాళ్లలో కొంతమందిని నాకు కేటాయిస్తారు, వాళ్లు తిన్నదీ నడిచిందీ నిద్రపోయిందీ బరువూ అన్నీ యాప్‌లో ఎక్కిస్తుంటారు, నేను అవన్నీ చూసి చాట్‌లో మాట్లాడుతుంటా, కొందరితో అప్పుడప్పుడు వీడియో కాల్. బయటినుంచి చూస్తే అంతే.

చేరకముందు నేను కూడా ఇది జనానికి తిండి గురించి చెప్పే ఉద్యోగం అనే అనుకున్నా. కానీ డబ్బులు కట్టి యాప్‌లో చేరేదాకా వచ్చిన మనిషికి కూరగాయలు ఎక్కువ తినాలని, తీపి తగ్గించాలని, రాత్రి పొద్దుపోయాక తినకూడదని తెలియదా? చాలామందికి నాకంటే ఎక్కువ తెలుసు, ఎన్ని డైట్లు చేసి వదిలేశారో వరసపెట్టి చెప్తారు, కొవ్వు గ్రాముకి 9 క్యాలరీలు, పిండిపదార్థం, ప్రోటీన్ గ్రాముకి 4 అని నోటికి అప్పజెప్తారు. తెలియకపోవడం వాళ్ల సమస్య కానప్పుడు చెప్పడం నా పని ఎలా అవుతుంది. నేను చేసే పని చదవడం, వాళ్లు టైప్ చేసింది చదవడం, టైప్ చేయనిది ఇంకా జాగ్రత్తగా చదవడం.

రోజు ఎలా ఉంటుందో చెప్తా. లాగిన్ అవగానే డాష్‌బోర్డ్, అందులో నా క్లయింట్ల పేర్లు, పక్కన రంగులు. నిన్న మెసేజ్ పెట్టి జవాబు కోసం చూస్తున్నవాళ్లు పైన ఉంటారు, బరువు బాగా పెరిగినా తగ్గినా పేరు పక్కన ఒక గుర్తు పడుతుంది, ఏమీ జరగనివాళ్లు అడుగున. అందరికీ సోమవారం పొద్దున్నే బరువు చూసుకునే అలవాటు కాబట్టి సోమవారం ఇన్‌బాక్స్ తెరవాలంటే కొంచెం గుండె దిటవు చేసుకోవాలి, వారాంతం బయట తిని వచ్చినవాళ్లందరూ ఆరోజు పొద్దున్నే వెయింగ్ మెషిన్ ఎక్కుతారు మరి. జనవరి మొత్తం సోమవారంలాగే ఉంటుంది. జవాబు ఎన్ని గంటల్లోపు ఇవ్వాలో ఒక టార్గెట్, నెలకోసారి ఎవరో నా చాట్లు కొన్ని తీసి చదివి క్వాలిటీ మార్కులు వేస్తారు, ఎంతమంది సబ్‌స్క్రిప్షన్ రెన్యూ చేశారో ఇంకో లెక్క. ఇవి లేని కంపెనీ ఉందని నేను వినలేదు.

సరే, చదవడం అన్నా కదా, దాని గురించే కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఉద్యోగ ప్రకటనల్లో ఈ ముక్క ఎక్కడా కనిపించదు.

ఒకరు "ఈ వారం బాగానే అయింది" అని పెట్టారనుకోండి. ఎదురుగా కూర్చుని అంటే మొహం కనిపిస్తుంది, గొంతు వినిపిస్తుంది, సందేహం ఉండదు. చాట్‌లో ఆ నాలుగు ముక్కలే. అది నిజంగా బాగా అయిన వారం కావచ్చు, ఇంక నన్ను అడక్కు అని కావచ్చు, లేదా చాలా దారుణంగా అయింది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది అని కావచ్చు. అప్పుడు వెనక్కి వెళ్లి చూస్తా, ఈ మనిషి మామూలుగా ఎంత రాస్తారు, ఎన్నింటికి రాస్తారు, ఎప్పుడూ నాలుగు పేరాలు రాసే మనిషి ఒక్క లైనుతో సరిపెట్టారా, లేక ఎప్పుడూ ఒక్క లైనే రాస్తారా. ఒక లైను మనిషి ఒక లైను రాస్తే కంగారు లేదు. నాలుగు పేరాల మనిషి ఒక లైను రాస్తే నేను ఆరోజు ఆ పేరు పక్కన నోట్ పెట్టుకుంటా.

ఫుడ్ లాగ్ కూడా అంతే, ఎన్ని క్యాలరీలు అని కాదు, ఆకారం చూడాలి. ఒకరి లాగ్ చెప్తా, ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చేశాను. పొద్దున టిఫిన్ ఫోటోతో సహా ఉంటుంది, మధ్యాహ్నం భోజనం గ్రాములతో సహా ఉంటుంది, సాయంత్రం ఐదింటికి ఒక ఆపిల్, ఆ తర్వాత ఖాళీ. మర్నాడూ అదే, ఆ మర్నాడూ అదే. రాత్రి భోజనం రోజూ మానేస్తున్నారా అంటే మానేసే మనిషి బరువు రెండు నెలలుగా అలా నిలబడిపోదు. యాప్ మాత్రం ఈ లాగ్ చూసి "వావ్, ఈరోజు టార్గెట్ కంటే 700 క్యాలరీలు తక్కువ" అని ఆకుపచ్చ టిక్ పెడుతుంది. నేను ఏం తిన్నారు అని అడగలేదు, "సాయంత్రాలు మీకు ఎలా గడుస్తాయి?" అని అడిగా, అంతే. ఒకరోజంతా జవాబు లేదు, తర్వాత ఒక పొడుగాటి మెసేజ్ వచ్చింది, పిల్లలు పడుకున్నాక ఇంట్లో తనకంటూ దొరికే టైమ్ ఆ ఒక్క గంటేనని, ఆ గంటలో టీవీ ముందు కూర్చుని ఏం తింటారో తనకే లెక్క తెలియదని, లెక్క పెడితే ఆ గంట కూడా పోతుందేమోనని. ఇక ఇక్కడ క్యాలరీల మాట ఎత్తేదేముంది, ఆ గంట పోకుండా ఏం చేయగలమో మాట్లాడుకున్నాం.

ఇలా లాగ్‌లో రానిదాన్ని అబద్ధం అనే కోచ్‌లు ఉన్నారు, నాకు ఆ మాట అస్సలు నచ్చదు. 1992లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక స్టడీ వచ్చింది, ఈ రంగంలో ఉన్నవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు చదివే ఉంటారు. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పేవాళ్లని తీసుకుని వాళ్లు నిజంగా ఎంత తింటున్నారో, వాళ్ల శరీరం ఎన్ని క్యాలరీలు ఖర్చు చేస్తోందో ల్యాబ్ పద్ధతుల్లో కొలిచారు. వాళ్లు రాసుకున్నది నిజంగా తిన్నదానికంటే సగటున 47 శాతం తక్కువ, చేశామన్న శారీరక శ్రమ 51 శాతం ఎక్కువ. మెటబాలిజంలో తేడా ఏమీ లేదు. దీన్ని పట్టుకుని "చూశారా అబద్ధాలు" అంటారు కానీ కావాలని దాచిపెడుతున్నారని ఆ అంకెలు చెప్పవు, తిన్నది అంత సరిగ్గా ఎవరికీ గుర్తుండదు. ఒక టేబుల్ స్పూన్ నూనె దాదాపు 120 క్యాలరీలు, ప్లేట్ ఫోటోలో అది కనిపించదు, వండినవాళ్లకీ గుర్తుండదు. వండుతూ రుచి చూసింది, పిల్లలు వదిలేస్తే నోట్లో వేసుకుంది, ఇవి తినడం కింద ఎవరూ లెక్కేయరు. నేను కూడా వేయను, నిజం చెప్పాలంటే.

స్మార్ట్ వాచ్ గురించి ఒక్క మాట చెప్పి వెళ్లిపోతా. "వాచ్‌లో 600 కాల్చినట్టు చూపించింది, అంత తినొచ్చా?" అనేది వారంలో ఎన్నిసార్లు వస్తుందో లెక్క లేదు. స్టాన్‌ఫోర్డ్ వాళ్లు 2017లో ఏడు రకాల రిస్ట్ డివైజ్‌లు పరీక్షిస్తే గుండె వేగం చాలావాటిలో బాగానే వచ్చింది, క్యాలరీల విషయంలో అన్నిటికంటే మెరుగైనదే సగటున 27 శాతం తప్పు, అన్నిటికంటే అధ్వాన్నమైనది 93 శాతం తప్పు. అప్పటినుంచి వాచీలు మారాయి, సరే, కానీ ఆ అంకె చూసి తిండి కొలుచుకోవద్దని నేను ఇప్పటికీ చెప్తూనే ఉన్నా.

ఇక బరువు. ఈ ఉద్యోగంలో అందరికంటే ఎక్కువ మాట్లాడేది ఆ మెషినే. సోమవారం పొద్దున వచ్చే మెసేజ్ ఇలా ఉంటుంది: "వారమంతా నోరు కట్టేసుకున్నా, నిన్న ఒక్కపూట ఫంక్షన్‌లో తిన్నా, ఈరోజు కేజీన్నర పెరిగా, ఇంక నావల్ల కాదు." దీనికి కంపెనీ లైబ్రరీలో రెడీమేడ్ జవాబు ఉంటుంది, ఒక క్లిక్‌తో వెళ్లిపోతుంది, బరువు ప్రయాణంలో ఎత్తుపల్లాలు సహజం, మీరు చాలా బాగా చేస్తున్నారు, కొనసాగించండి, చివర్లో ఒక కండరాల బొమ్మ, చేయి మడిచి కండ చూపించే ఆ ఎమోజీ. ఏడుస్తున్న మనిషికి కండరాల బొమ్మ పంపడం అన్నమాట.

నేను లెక్క చెప్తా, ఎందుకంటే ఈ ఒక్కచోట లెక్క నిజంగా ఊరటనిస్తుంది. ఒక కేజీ శరీర కొవ్వు అంటే దాదాపు 7700 క్యాలరీలు అని మోటు లెక్క. ఒక్కపూటలో కేజీన్నర కొవ్వు పెరగాలంటే మామూలుగా తినేది కాకుండా పైన ఇంకో పదకొండు వేలకు పైగా క్యాలరీలు తినాలి, నిన్న అంత తిన్నారా? తినలేదు. మరి ఆ కేజీన్నర ఏంటి? నీళ్లు. పిండిపదార్థం తింటే అది కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది శరీరం, ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు మూడు గ్రాముల దాకా నీళ్లు పట్టి ఉంచుతుంది, పైగా బయట తిండిలో ఉప్పు ఎక్కువ, ఉప్పు ఇంకొన్ని నీళ్లు ఆపుతుంది, తిన్నదాంట్లో కొంత ఇంకా కడుపులోనే ఉంది. ఆడవాళ్లకైతే పీరియడ్స్ ముందు వచ్చే తేడా దీనికి అదనం. రెండు మూడు రోజుల్లో అదే దిగుతుంది. ఇదే కారణంగా డైట్ మొదలుపెట్టిన మొదటి వారంలో మూడు కేజీలు తగ్గాం అని సంబరపడేవాళ్లకి కూడా అందులో ఎక్కువ నీళ్లేనని చెప్పాల్సి వస్తుంది, ఆ మాట ఎవరికీ నచ్చదు, కానీ మొదటి వారమే చెప్పి ఉంచితే నాలుగో వారంలో నామీద కోపం రాదు. రోజువారీ అంకె వదిలేసి ఏడు రోజుల సగటు చూడమంటా, కొందరికి రోజూ మెషిన్ ఎక్కడమే మనసు పాడుచేస్తుంది, వాళ్లకి అసలు ఎక్కొద్దంటా, బట్టలు, నడుము కొలత, మెట్లెక్కితే వచ్చే ఆయాసం చూసుకోమంటా.

ఆ 7700 లెక్కలో కూడా ఒక తిరకాసు ఉంది, రోజుకి 500 తగ్గిస్తే వారానికి దాదాపు అరకేజీ, ఏడాదికి ఇరవై మూడు ఇరవై నాలుగు కేజీలు అని గుణించి రాసిపెట్టేస్తారు జనం. అలా జరగదు. బరువు తగ్గేకొద్దీ శరీరానికి కావాల్సింది కూడా తగ్గుతుంది, తెలియకుండానే కదలిక తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది, కాబట్టి గీత నెమ్మదిగా చదునైపోతుంది. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో కెవిన్ హాల్, ఆయన బృందం 2011లో దీనికి గణిత నమూనాలు వేసి చూపించారు. చాలామంది ఆరో నెలకో ఎనిమిదో నెలకో వచ్చి "ఆగిపోయింది, నేనేం తప్పు చేస్తున్నా?" అంటారు, మీ తప్పు కాదు, శరీరం చేసే పని అదే అని చెప్తే చాట్‌లో కూడా అవతలివాళ్లు ఊపిరి పీల్చుకోవడం తెలుస్తుంది.

ఈ అడిగే పద్ధతి నా సొంతం కాదు, ట్రైనింగ్‌లో నేర్పిస్తారు, మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారు. విలియం మిల్లర్ అనే సైకాలజిస్ట్ 1983లో మద్యం అలవాటు ఉన్నవాళ్లతో చేసిన పని నుంచి రాశాడు, తర్వాత స్టీఫెన్ రోల్నిక్ కలిశాడు. అసలు సంగతి ఏంటంటే, మారాలని ఒక మనసు, ఎందుకులే అని ఇంకో మనసు ఉన్న మనిషికి మనం మారు మారు అని చెప్తే అతను ఎందుకులే వైపు వాదిస్తాడు, అది మనిషి గుణం. అందుకని మారాల్సిన కారణాలు అతని నోటితోనే చెప్పించాలి. నాకు బాగా పనికొచ్చే ప్రశ్న ఒకటుంది, చాట్‌లో కూడా బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

"రోజూ నడవడం మీకు ఎంత ముఖ్యం, సున్నా నుంచి పదిలో?"

"ఐదేమో."

"ఐదే ఎందుకు, రెండు ఎందుకు కాదు?"

ఎనిమిది ఎందుకు కాదు అని అడిగితే సాకులు వస్తాయి, టైమ్ లేదు, మోకాళ్లు నొప్పి, ఎండ. రెండు ఎందుకు కాదు అని అడిగితే మనిషి కారణాలు వెతుక్కుంటాడు, నడిచినరోజు నిద్ర పడుతుందని, మా నాన్నకి షుగర్ వచ్చిన వయసు నాకు దగ్గరపడుతోందని. ఆ లైన్ రాగానే నేను ఇంకేం సలహా ఇవ్వను, "నాన్నగారి సంగతి మీ మనసులో ఉంది" అని మాత్రం రాసి ఆగిపోతా. టైప్ చేయకుండా ఆగడం చాలా కష్టం, రోజంతా జవాబుల టైమర్ కొట్టుకుంటుంటే మరీ కష్టం.

ఇప్పుడు మెసేజ్ పెట్టనివాళ్ల సంగతి. డాష్‌బోర్డ్‌లో అడుగున ఉంటారన్నానే, వాళ్లు. ఈ పని మొత్తం మాట్లాడేవాళ్లని చూసేలా కట్టిపెట్టారు, ఎవరు మెసేజ్ పెడితే వాళ్లు పైకి వస్తారు, వాళ్లకి జవాబిస్తే నా అంకెలు బాగుంటాయి, రోజూ గుడ్ మార్నింగ్ పెట్టి మూడు పూటలా ఫోటోలు పెట్టే క్లయింట్‌తో నా సగం పొద్దు గడిచిపోతుంది, ఆవిడకి నేను లేకపోయినా బానే అవుతుంది నిజానికి. మూడు వారాలు రోజూ ఎక్కించి హఠాత్తుగా ఆపేసినవాళ్లకే నా అవసరం ఎక్కువ, వాళ్లు ఏ లిస్టు మీదకీ రారు, వచ్చినా సిస్టమ్ ఆటోమేటిక్‌గా "మిమ్మల్ని మిస్ అవుతున్నాం!" అని ఒకటి కొట్టి వదిలేస్తుంది. అది చూస్తే నాకైతే లైబ్రరీ పుస్తకం తిరిగివ్వలేదని వచ్చే నోటీసు గుర్తొస్తుంది.

లాగింగ్ ఆపేసినవాళ్లలో ఎక్కువమంది ఆపింది విసుగొచ్చి కాదు. ఏదో ఒకరోజు గాడి తప్పింది, ఆరోజు ఎక్కించలేదు, మర్నాడు తెరిస్తే నిన్నటి ఖాళీ కనిపిస్తుందని తెరవలేదు, అలా వారం అయింది, ఇప్పుడు వచ్చి కోచ్‌కి ఏం చెప్పాలి అనే మొహమాటం. కాబట్టి నేను పెట్టే మెసేజ్‌లో లాగ్ మాట ఉండదు, బరువు మాట ఉండదు, ప్రశ్నార్థకం కూడా ఉండదు చాలాసార్లు, జవాబివ్వక్కర్లేదని వాళ్లకి తెలియాలి. వాళ్లు ఇంతకుముందు చెప్పిన ఒక సొంత విషయం పట్టుకుంటా, అమ్మాయి పరీక్షలు అన్నారు కదా అయిపోయి ఉంటాయి, మీరు కాస్త ఊపిరి తీసుకుని ఉంటారనుకుంటున్నా, నేను ఇక్కడే ఉన్నా, తిరిగి మొదలుపెట్టాలనిపిస్తే పాతదంతా నింపక్కర్లేదు, ఈరోజు నుంచి చాలు. ఇంతే. దీనికి కొందరు జవాబిస్తారు, కొందరు ఇవ్వరు, ఇవ్వనివాళ్లలో కొంతమంది మాట్లాడకుండానే మర్నాడు పొద్దున టిఫిన్ ఫోటో ఎక్కిస్తారు. నేను దాని గురించి ఏమీ అనను, వచ్చారు కదా.

ఇలాంటి మెసేజ్ రాయడానికి నోట్స్ చదవాలి, పది నిమిషాలు పడుతుంది, లెక్కల్లో అది ఒక మెసేజ్ కిందే వస్తుంది, కండరాల బొమ్మ మెసేజ్‌తో సమానంగా.

ఈమధ్య ఏఐ వచ్చింది, నేను జవాబు పెట్టేలోపే ఒక డ్రాఫ్ట్ రాసి చూపిస్తుంది, ఫైబర్ ఎందులో ఉంటుంది, ప్రోటీన్ ఎంత కావాలి లాంటివాటికి డ్రాఫ్ట్ బాగానే ఉంటుంది, నాకు టైమ్ కలిసొస్తుంది, వద్దనను. కానీ ఆ కలిసొచ్చిన టైమ్ నోట్స్ చదవడానికి ఇస్తారా అంటే ఇవ్వరు, ఇంకొంతమంది క్లయింట్లని ఇస్తారు.

ఎక్కడిదాకా మన పని, ఎక్కడ ఆగాలి అనేది ఈ ఉద్యోగంలో ఆషామాషీ విషయం కాదు. కోచ్ వేరు, రిజిస్టర్డ్ డైటీషియన్ వేరు, డాక్టర్ వేరు. చాలా దేశాల్లో కోచ్ అనే పేరుకి లైసెన్స్ ఉండదు, చిన్న కోర్సు చేసినవాళ్లూ కోచ్‌లే, పీజీ చేసినవాళ్లూ కోచ్‌లే, క్లయింట్‌కి మాత్రం స్క్రీన్ మీద ఒకేలా కనిపిస్తాం. ఇన్సులిన్ తీసుకునే మనిషి "రేపటినుంచి పిండిపదార్థం పూర్తిగా మానేస్తున్నా" అని హుషారుగా పెడితే నేను శభాష్ అనకూడదు, మందు అలాగే ఉండి తిండి తగ్గితే షుగర్ పడిపోతుంది, ప్రమాదం, ముందు డాక్టర్‌తో మాట్లాడి డోసు సంగతి తేల్చుకున్నాకే అని చెప్పి, ఆరోజే మా క్లినికల్ టీమ్‌కి పంపుతా. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు ఒక్కసారిగా ఆకుకూరలు పెంచినా అంతే, విటమిన్ కె వల్ల మందు పని మారుతుంది.

ఇంకా కష్టమైంది ఈటింగ్ డిజార్డర్, అంటే తిండి, బరువు చుట్టూ తిరిగే మానసిక జబ్బు. స్కాఫ్ అని ఐదు ప్రశ్నల స్క్రీనింగ్ ఉంది, 1999లో వచ్చింది, మూడు నెలల్లో ఆరు కేజీలకు పైగా తగ్గారా, తిండి మీద అదుపు తప్పిందని దిగులుగా ఉందా, అందరూ సన్నగా ఉన్నావంటున్నా లావుగా ఉన్నానని అనిపిస్తుందా, ఇలాంటివి. రెండుకి అవునంటే పూర్తిగా పరీక్ష చేయించాలి. కానీ దాచాలనుకున్న మనిషికి ఫారంలో కాదు అని కొట్టడం ఎంతసేపు. లాగ్‌లో కనిపిస్తుంది, రోజూ మరీ తక్కువ అంకెలు, గ్రాము తేడా లేకుండా ఒకటే తిండి, తిన్నరోజు రెండింతలు వ్యాయామం, మెసేజ్‌ల్లో తనని తానే తిట్టుకోవడం. విచిత్రం ఏంటంటే డాష్‌బోర్డ్‌లో ఇలాంటివాళ్లే టాప్, అన్ని టిక్కులూ ఆకుపచ్చ. నేను ఇంతకుముందు చేసిన ఒకచోట, పేరు అనవసరం, టార్గెట్ బరువు గడిలో ఎంత తక్కువ వేసినా యాప్ ఒప్పేసుకునేది. అప్పటికే సన్నగా ఉన్న ఒక క్లయింట్ గురించి నేను పైకి పంపితే రెన్యువల్ అయ్యేదాకా ఎంకరేజింగ్‌గా ఉండండి అని జవాబొచ్చింది. నేను మళ్లీ పంపా, వాళ్ల మెడికల్ సలహాదారుకి నేరుగా కాపీ పెట్టి. తర్వాత కొద్ది రోజులకే అక్కడ మానేశా.

ఇంజెక్షన్ల గురించి రాయకపోతే ఈ పోస్టు సగమే అవుతుంది. 2021లో సెమాగ్లూటైడ్ అనే ఆకలి తగ్గించే ఇంజెక్షన్‌ని బరువు కోసం అమెరికాలో ఆమోదించినప్పటినుంచి మా పని రూపే మారిపోయింది. స్టెప్ 1 అనే ట్రయల్‌లో 68 వారాలకి సగటున 14.9 శాతం బరువు తగ్గారు, పోల్చి చూడటానికి మందు లేని ఉత్తి ఇంజెక్షన్ ఇచ్చినవాళ్లలో 2.4 శాతం. ఇన్నాళ్లు మేం చాట్‌లో కిందామీదా పడి తెచ్చిన ఫలితాలు దీని దరిదాపుల్లో లేవు, ఒప్పుకోవాలి. "మరి ఇక మీరెందుకు?" అని క్లయింట్లే మొహమాటం లేకుండా అడుగుతారు. ఆ మందు వేసుకున్నవాళ్లతో మాటలు తలకిందులవుతాయి, ఎక్కువ తినకుండా చూడటం పోయి సరిపడా తినేలా చూడటం వస్తుంది. ఆకలి వేయదు, వికారంగా ఉంటుంది, మధ్యాహ్నం దాకా ఏమీ తినలేదని గర్వంగా చెప్తారు. బరువు తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది కాబట్టి తిన్న ఆ కొంచెంలో ప్రోటీన్ ముందు పడాలి, బరువులెత్తే వ్యాయామం వారానికి రెండుసార్లన్నా ఉండాలి, నీళ్లూ ఫైబరూ లేకపోతే మలబద్ధకం, కొంచెం కొంచెంగా తినడం, జిడ్డు తిండి తగ్గించడం. అదే ట్రయల్‌లో మందు ఆపినవాళ్లని చూస్తే, ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. మా దగ్గర తిరిగి చేరేవాళ్లలో ఇలాంటివాళ్లు ఉంటారు, ఆకలి ఒక్కసారిగా తిరిగొచ్చి బెదిరిపోయినవాళ్లు. అది బలహీనత కాదు, ఇన్నాళ్లు మందు ఆపి ఉంచిన ఆకలి అది అని చెప్పడం దగ్గర మొదలుపెడతా.

మందు లేకుండా కోచింగ్ పనికిరాదా అంటే అదీ కాదు. అమెరికాలో జరిగిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2002లో వచ్చాయి, 3234 మంది, అందరూ షుగర్ అంచున ఉన్నవాళ్లు. ఒక గుంపుకి కోచ్‌లని పెట్టి బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లాంటి శ్రమ లక్ష్యంగా ఇచ్చారు, వాళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చినవాళ్లలో 31 శాతం. 7 శాతం అంటే వంద కేజీల మనిషికి ఏడు కేజీలు. ముందూ తర్వాతా ఫోటోలు పెట్టి ప్రకటన చేయడానికి పనికిరాని అంకె, అందుకే ఎవరూ చెప్పరు.

ఇంటి నుంచి కదా, హాయి కదా అంటారు. కొంత నిజమే, ప్రయాణం లేదు, మధ్యాహ్నం నా వంట నేనే వండుకుంటా. కానీ రోజంతా ఇంకొకరి ప్లేట్లు చూస్తూ మన ప్లేట్ కీబోర్డ్ పక్కన పెట్టుకుని తినడం, కూర్చోకండి లేచి నడవండి అని ఇరవైమందికి కూర్చునే టైప్ చేయడం, మెడ పట్టేయడం, ఇవన్నీ ఉంటాయి. జనం తిండి గురించి మొదలుపెట్టి ఇంకెక్కడికో వెళ్తారు, విడాకులు, పోయిన బిడ్డ, చిన్నప్పుడు లావని ఇంట్లో పెట్టిన పేర్లు. అది చదివి ల్యాప్‌టాప్ మూస్తే పక్కన మాట్లాడటానికి సహోద్యోగి ఎవరూ ఉండరు, వంటగది ఉంటుంది. నాతోపాటు చేరిన ఇద్దరితో వారానికోసారి కాల్ పెట్టుకున్నాం, క్లయింట్ల పేర్లు చెప్పకుండా మా బాధలు చెప్పుకుంటాం, కంపెనీ పెట్టింది కాదు, మేమే పెట్టుకున్నాం. ఫోన్‌లో నోటిఫికేషన్లు డ్యూటీ అవగానే ఆఫ్.

చేరదామనుకునేవాళ్లు నన్ను జీతం అడుగుతారు, దానికంటే ముందు ఒక కోచ్‌కి ఎంతమంది క్లయింట్లో అడగండి, అప్పుడు గంటకి ఎంత పడుతుందో మీకే తెలుస్తుంది. ఉద్యోగమా కాంట్రాక్టా, మనిషికింతనా నెలకింతనా, డ్యూటీ అయ్యాక వచ్చిన మెసేజ్‌కి టైమర్ నడుస్తుందా ఆగుతుందా, పైకి పంపడానికి డైటీషియన్, డాక్టర్ ఉన్నారా, ఉంటే ఎంతసేపట్లో పలుకుతారు, నోట్స్ రాయడానికి, చదవడానికి జీతం వచ్చే టైమ్ ఉందా. ఇంకొకటి కూడా అడగండి, క్లయింట్ అనుకున్న బరువుకి చేరి, నాకు ఇక అవసరం లేదండీ, సబ్‌స్క్రిప్షన్ ఆపేస్తా అంటే కోచ్‌గా నేనేం చెప్పాలి అని. ఒక ఇంటర్వ్యూలో దీనికి "ఇంకో ఐదు కేజీలు టార్గెట్ పెట్టించండి" అన్నారు, నేను థాంక్స్ చెప్పి కాల్ కట్ చేశా. ఇప్పుడున్నచోట ఇంటర్వ్యూ చేసినావిడ కాసేపు ఆలోచించి, కంగ్రాట్స్ చెప్పి, ఆర్నెల్ల తర్వాత ఒకసారి పలకరించడానికి పర్మిషన్ అడగండి అంది.